ఎలుకలు కొట్టని కాగితం

"సదరు మడిగె పైన
ఎటువంటి తాకట్టు గాని, జమానతు గాని,
జప్తు గాని, కోర్టు తగాదా గాని లేదని
హామీ ఇచ్చి రాసి ఇచ్చిన విక్రయ దస్తావేజు."

ఈ వాక్యం నాకు కంఠతా వచ్చు.
బాదేపల్లి రిజిస్ట్రాఫీసు ముందట
ముప్పై ఒక్క ఏండ్ల సంది రాస్తున్న.
నేను రాయ, చెయ్యి రాస్తది.
నేను చాయ్ తాగుతుంట.

కుర్మయ్య మడిగె కొన్ననాడు గూడ
చెయ్యే రాసింది.

కుర్మయ్య మోటర్లు చుట్టెటోడు.
కాలిన బోరు మోటరును ఇప్పకముందే
ముక్కు దగ్గర వెట్టుకొని
ఏ కాయిలు పోయిందో చెప్తడు.
పదకొండేండ్లు పరాయి షెటరు కింద కూసొని
రాగితీగ లెక్క రూపాయిని రూపాయికి చుట్టి
పత్తి మార్కెట్ ఎనుక
పన్నెండు బై ఇరవై మడిగె బేరం జేసిండు.
సగం పైసలు మన్నెమ్మ చిట్టీవి.

అమ్మెటాయన వీరభద్రప్ప.
పదమూడేండ్ల ఈసీ తీసినం.
మచ్చ లేదు.
"అసలు దస్తావేజు?" అన్న,
అడగాలె గనుక.
"మా నాయిన సందుగల ఎలుకలు కొట్టినయి సారూ,
ఇగో, సర్టిఫైడు నకలు."
పల్లికాయ మండి ఉన్న ఊరు,
ఎలుకలు మాకు కొత్తనా?
రాసిన.
ఎనిమిది వందలు తీసుకున్న.

మూడేండ్లకు
అమీను గోందు సీసా పట్టుకొని వచ్చి
కుర్మయ్య షెటరుకు నోటీసు అతికిచ్చిండు.

ఏనాడో వీరభద్రప్ప తండ్రి సంగప్ప
దోస్తు నూనె మిల్లుకు జమానతు నిలవడ్డడట.
అసలు కాగితం కొంచవోయి
బ్యాంకు మేనేజరు చేతిల వెట్టిండట.
రిజిస్టరుల ఎక్కలే. ఈసీకి తెల్వలే.
చేతిలకెళ్లి చేతిలకు, గంతే.
మిల్లు మునిగింది. దోస్తు వోయిండు.
సంగప్ప వోయిండు.
ఆ బ్యాంకు గూడ సచ్చి
ఇంకో బ్యాంకు కడుపుల వడ్డది.
బాకీ ఒక్కటే సావలే.
చీకటి బీరువల
వడ్డీ మేసుకుంట పెరిగింది.

నోటీసు ఎంబడి
అసలు కాగితం జిరాక్సు ఉన్నది.
సంగప్ప వంకర సంతకం,
గుండ్రటి స్టాంపు,
నాలుగు మూలలు సక్కగ.
ఎంత ఎతికినా
ఒక్క పన్నుగాటు లేదు.

వీరభద్రప్పను అడిగితే ఏడ్సిండు.
"ఎలుకలని మా నాయినే చెప్పిండు సారూ" అన్నడు.
అబద్ధమో, లేక
కొడుకు ముందట తల వంచలేక
తండ్రి అల్లిన అబద్ధమో.
సచ్చినోని మీద కేసేసేదెట్ల?

కుర్మయ్య నన్ను తిట్టలే.
తిడితే బాగుండు.
నా బల్ల ముందట కూసొని
చేతులకున్న వార్నిష్ గీక్కుంట అడిగిండు.

"మూడేండ్లు ఆ గోడలల్ల ఉన్న.
సున్నం నేనే ఏసిన. మేకులు నేనే కొట్టిన.
ఇంత బాకీ లోపల ఉంటే
ఒక్క మేకుకన్న తగలకపోవునా సారూ?"

జేబుల ఉన్న టెస్టు ల్యాంపు
బల్ల మీద వెట్టిండు.
"మాకు రెండు తీగలు తగిలిస్తే
బుగ్గ చెప్తది ఏడ పోయిందో.
మీ కాగితాలకు గసొంటిది లేదా?"

ఉన్నది కుర్మయ్యా.
అసలేదని రెండోసారి అడుగుడే అది.
ఆనాడు నా నోట్లెనే ఉండె,
చాయ్‌తోని మింగిన.

ఇది పైకి అనలే.
ఎనిమిది వందలు తీసి ముందట వెట్టిన.
లెక్కవెట్టుకొని తీసుకుండు.
వకీలు ఫీజు పన్నెండు వేలట.

పొద్దుగూకి ఇంటికొచ్చిన.
మేముండే ఇంటి కాగితం గూడ నకలే.
అసలేదంటే
చెదలు వట్టిందని మా బాపు అనెటోడు.
బాపు గూడ దోస్తులకు పానమిచ్చెటోడు.

బాపు సందుగ అటక మీదున్నది.
నిచ్చెన గూడ ఉన్నది.